137వ స్థానపు విద్య

2016వ సంవత్సరము ఆగస్టు మాసాంతమున న్యూయార్కులో జరిగిన అమెరికన్ ఓపెన్ టెన్నిస్ పోటీలలో, అర్హత కొరకు ఏర్పరచిన మూడు మ్యాచ్‌లను వరుసగా గెలిచి, పురుషుల సింగిల్స్ ప్రధాన పట్టికలో తన పేరు వ్రాయించుకొన్న సాకేత్ మైనేని, ఉయ్యూరులో జన్మించి విశాఖపట్టణమును తన ఊరుగా చేసికొన్న మన తెలుగువాడు. తొలి రౌండులోనే చెక్ దేశీయుడైన యిరీ వెసెలీతో ఐదు సెట్లు పోరాడి ఓడిపోయెను. ఆ సంవత్సరముననే అతడు ప్రపంచ సింగిల్స్ ర్యాంకులలో 137వ స్థానము నందుకొనెను. అంతకు మించిన సింగిల్స్ ర్యాంకు అతనికి మరల లభింపలేదు. ఆ సంఖ్యను చూచి, నూరింటిలోపల కూడ లేడు గదా యని పెదవి విరిచినవారు పలువు రుందురు. వేగవతీ తీరమున, తూర్పు కనుమల పాదమున నున్న మా సాలూరు నుండి చూచునపుడు మాత్రము ఆ సంఖ్య అల్పముగా తోచదు. అగ్రస్థానమున నిలిచిన ఇరువురు ముగ్గురి చేతిలోనే ఒక విద్య జీవించి యుండదనియు, పేరు మ్రోగని వందలాది నిపుణులు ఊరూర తిరిగి, ఓడి, గెలిచి, మరల సాధన చేయుటవలననే అది నిలుచుచున్నదనియు చెప్పుటయే ఈ వ్యాసమున నా ఉద్దేశము.

ర్యాంకు అన నేమో ముందు తెలిసికొనవలెను. వృత్తి టెన్నిస్ సంఘమైన ఏటీపీ ఈ పట్టికను మొదట 1973 ఆగస్టు 23వ తేదీన ప్రకటించెను. నాడు ప్రథమ స్థానము రొమేనియా దేశీయుడైన ఈలియె నస్తాసెకు దక్కినది. గడచిన 52 వారములలో ఆర్జించిన పాయింట్లు మాత్రమే ఇందు లెక్కకు వచ్చును. ఈ వారము గెలిచి తెచ్చుకొన్న పాయింట్లు మరుసటి యేడు ఇదే వారమున రాలిపోవును గనుక, ఆటగాడు క్రొత్తవి సంపాదించుటయేగాక పాతవానిని కాపాడుకొనుటకు కూడ ఆడవలసి యుండును. గ్రాండ్‌స్లామ్ విజేతకు 2000 పాయింట్లు లభించుచుండగా, వృత్తిపోటీలలో అట్టడుగు మెట్టైన 15,000 డాలర్ల పోటీలో వారమంతయు ఓటమి నెరుగక గెలిచినవానికి లభించునవి 15 మాత్రమే. గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ పట్టికలోని 128 స్థానములలో 104 ర్యాంకును బట్టి నేరుగా నిండును. ఎనిమిది నిర్వాహకుల ఆహ్వానముపై ఇచ్చునవి. తక్కిన 16 స్థానముల కొరకు మరి 128 మంది అర్హత పోటీలలో తలపడుదురు. కనుక 137వ స్థానమున నున్నవాడు సరిగా వాకిటి యెదుటనే నిలిచియు, తలుపు తనంతట తెరువబడని చోట నున్నవాడు. ప్రపంచమంతట ఈ ఆటను వృత్తిగా స్వీకరించిన వేలాదిమందిలో 136 మంది మాత్రమే తనకంటె ముందున్నను, ప్రతి గ్రాండ్‌స్లామ్‌కును అతడు పరీక్ష నిచ్చియే ప్రవేశింపవలెను.

ఈ జీవనోపాధి స్వరూపము సాలూరువారికి సులభముగా బోధపడును. సుంకి ఘాటీ నెక్కి కొరాపుట్ వైపు పోవు లారీకి తానే యజమానియు తానే డ్రైవరును అయినవాడు, డీజిలు తానే పోసికొని, టైరు తానే మార్చుకొని, తిరుగు ప్రయాణమునకు సరుకు దొరకునో లేదో యెరుగకయే బయలుదేరునట్లు, దిగువ శ్రేణి టెన్నిస్ ఆటగాడు విమానపు టికెట్టు, బస, భోజనము, రాకెట్టు తంతులు, శిక్షకుని వేతనము అన్నియు తానే భరించి, మొదటి రౌండులో ఓడినచో ఆ ఖర్చు తిరిగి చేతికి రాని ప్రయాణమునకు పూనుకొనును. నెల జీతము లేదు; ఆడని వారమునకు ఆదాయము లేదు; గాయపడినచో సంపాదన ఆగును గాని వైద్యపు ఖర్చు ఆగదు. అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య జరిపిన పరిశీలనలో, 2013 నాటి లెక్కల ప్రకారము, ఆటపై వచ్చు ఆదాయము సగటు ఖర్చునకు సరిపోవు హద్దు పురుషులలో 336వ ర్యాంకు వద్దను, స్త్రీలలో 253వ ర్యాంకు వద్దను తేలినది. ఆ హద్దునకు దిగువనున్నవారు చేతి సొమ్ము వ్యయపరచుచు ఆడుచున్న వారన్నమాట. 2016 అమెరికన్ ఓపెన్‌లో తొలి రౌండున ఓడినవానికి సహితము నలుబది వేల డాలర్లకు పైగా ముట్టినదన్న సంగతి దీనితో కలిపి చూచినచో, అర్హత పోటీలలోని మూడవ మ్యాచ్ ఎంత బరువైనదో స్పష్టమగును. ఆ ఒక్క విజయము ఒక సంవత్సరపు ప్రయాణములకు సాధనము సమకూర్చగలదు. ఏటీపీ 2024 నుండి మొదటి 250 ర్యాంకులవారికి కనీసాదాయపు హామీ నిచ్చు పథకమును ప్రారంభించినది; మొదటి నూరుగురికి మూడు లక్షల డాలర్లు, 101 నుండి 175 వరకు లక్షా యేబదివేలు, 250 వరకు డెబ్బదియైదు వేలు అని ఆనాడు నిర్ణయించిరి. ఇది ఆలస్యముగ జరిగిన న్యాయమే గాని దానము గాదు.

ఇక విద్య సంగతి. 193 సెంటీమీటర్ల పొడవరియైన సాకేత్‌కు సర్వీసు ప్రధానాయుధము. చూచువారికి అది ఒక్క దెబ్బగా తోచును గాని, నిజమునకు అది పాదముల నుండి మణికట్టు వరకు ప్రవహించు శక్తి. పిడిని అరచేయి పై అంచుమీద ఆనునట్లు పట్టి, బంతిని కొంచెము ముందునకును కుడివైపునకును ఎగురవైచి, మోకాళ్లు వంచి, నేలను తన్ని లేచి, నడుమును భుజమును త్రిప్పి, తుదిలో ముంజేతిని వెలుపలికి మరల్చి బంతిని తాకవలెను. ఈ క్రమమున నొక్క అంగము ముందైనను వెనుకైనను భారమంతయు భుజముపై బడి, యేండ్లు గడచిన కొలది గాయముగా పరిణమించును. మొదటి సర్వీసు తప్పినను పాయింటు పోదు; రెండవది తప్పినచో పోవును. కావున రెండవ సర్వీసున బంతిని తలకు పైగా ఎగురవైచి, రాకెట్టును క్రింది నుండి మీదికి ఒరయుచు గీచినట్లు కొట్టుదురు. ఆ సుడివలన బంతి వలకు చాల ఎత్తుగా పోయి, గీత లోపల వేగముగా దిగి, నేలను తాకినంతనే ప్రత్యర్థి భుజమువరకు ఎగయును. ఈ ఒక్క దెబ్బను వారమునకొక ఊరిలో, ఒకచోట గట్టి నేలమీద, మరియొకచోట మట్టిమీద, మారు బంతులతోను మారు గాలిలోను ఒకే నమ్మకముతో కొట్టగలుగుటయే దిగువ శ్రేణి ఆటగాని సాధన. అగ్రగణ్యునికి పెద్ద వేదికలు, పరిచితమైన ఏర్పాట్లు, వెంటనుండు పరివారము కలవు. ఇతడు తరచు ఒంటరిగా వచ్చి, అభ్యాసమునకు జోడును తానే వెదకుకొని, మరునాడు ఉదయమున మ్యాచ్ ఆడును.

డబుల్స్ విద్య వేరు. సింగిల్స్ కోర్టు వెడల్పు 27 అడుగులు కాగా డబుల్స్‌కు 36 అడుగులు. వల స్తంభముల వద్ద మూడున్నర అడుగులుండి నడుమ మూడు అడుగులకు దిగును. కనుక బంతి నడిమి నుండియే ఎక్కువగా పోవును, నడిమిని కాచినవాడే ఆటను కాచును. వలయొద్ద నిలిచిన భాగస్వామి, ప్రత్యర్థులకు కనబడకుండ వీపు వెనుక వ్రేళ్లతో సైగ చేసి, తాను పక్కకు దాటుదునో నిలుతునో సర్వీసు చేయువానికి ముందే తెలుపును. ఒక్కొక్కప్పుడు నడిమి గీతమీదనే వంగి కూర్చున్నట్లు నిలిచి, ఏవైపునకు లేచునో తెలియనీక ఎదుటివానిని సందేహమున పడద్రోయును. సర్వీసు నెదుర్కొనువాడు బంతిని బలముగా గాక వలకు అతి సమీపముగా, ముందునకు వచ్చుచున్నవాని పాదముల చెంతకు జార్చవలెను. అటులైనచో అతడు క్రింది నుండి ఎత్తికొట్టక తప్పదు, అపుడు మీది నుండి కొట్టు అవకాశము మనది. ఏటీపీ పోటీల డబుల్స్‌లో నలుబది సమమైనపుడు ఒక్క పాయింటుతోనే గేము తేలును. సెట్లు చెరియొకటి యైనచో మూడవ సెట్టుకు బదులు పది పాయింట్ల టైబ్రేకు ఆడుదురు. ఇట్టి నియమములలో బలముకంటె సమన్వయము, ధైర్యముకంటె స్థైర్యము ఎక్కువ ఫలించును.

ఈ విద్యలో మన దేశమునకు దీర్ఘమైన పరంపర కలదు. 1960, 1961 సంవత్సరములలో వింబుల్డన్ సెమీఫైనలు చేరిన రామనాథన్ కృష్ణన్, ఆ తరువాత అమృతరాజ్ సోదరులు, 1999లో నాలుగు గ్రాండ్‌స్లామ్‌లలోను డబుల్స్ ఫైనలు చేరి ఫ్రెంచి, వింబుల్డన్ బిరుదులను గెలిచిన పేస్, భూపతులు, 2015లో మహిళల డబుల్స్ ప్రథమ ర్యాంకు నందిన హైదరాబాదు ఆడపడుచు సానియా మీర్జా, అందరును ఈ పరంపరలోని వారే. హైదరాబాదునకు చెందిన ఎస్.పి. మిశ్రా డేవిస్ కప్‌లో దేశము తరఫున ఆడి, అటుపిమ్మట జట్టునకు సారథియు అయ్యెను. అయితే ఈ విద్య ఒక తరము నుండి మరియొక తరమునకు అందునది శిఖరస్థుల జ్ఞాపకములవలన గాదు. జట్టులో వారి పక్కన నిలిచి, వారి వేగమునకు తన వేగమును చేర్చగల నిపుణులవలన.

దీనికి నిదర్శనములు మన కన్నుల యెదుటనే కలవు. సికింద్రాబాదులో జన్మించిన విష్ణువర్ధన్ సింగిల్స్‌లో 262వ ర్యాంకును మించలేదు. అయినను 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడలలో సానియాతో మిక్స్‌డ్ డబుల్స్ రజతమును గెలిచి, 2012 లండన్ ఒలింపిక్స్‌లో పేస్ సరసన నిలిచి డచ్చి జంటపై తొలి మ్యాచ్‌ను గెలిచెను. 2014లో ఇండోరులోను, 2015లో వియత్నాంలోని హోచిమిన్ నగరములోను దిగువ శ్రేణి వృత్తిపోటీలైన ఛాలెంజర్‌లలో సింగిల్స్ బిరుదులను సాధించిన సాకేత్, 2014 ఇంచియాన్ ఆసియా క్రీడలలో సానియాతో కలసి స్వర్ణమును, సనమ్ సింగ్‌తో కలసి పురుషుల డబుల్స్ రజతమును తెచ్చెను. 2016 సెప్టెంబరులో ఢిల్లీలో జరిగిన డేవిస్ కప్ పోరున, నెలనాళ్ల క్రిందటనే రియో ఒలింపిక్స్ స్వర్ణమును గెలిచిన స్పెయిన్ దేశీయులైన నడాల్, మార్క్ లోపెజ్ జంటపై పేస్, సాకేత్‌లు మొదటి సెట్టును గెలిచి, తక్కిన మూడింటిని కోల్పోయిరి. ఆ మొదటి సెట్టు రికార్డులలో ఓటమి క్రిందనే దాగియున్నది. కాని ఒలింపిక్ విజేతల నెదుట 137వ స్థానపు విద్య యేపాటిదో దానిని చూచినవారికి తెలియును. మరుసటి యేడు అతనికి అర్జున పురస్కారము లభించెను. గాయములు పలుమార్లు కోర్టునకు దూరము చేసినను మరల వచ్చి, డబుల్స్‌లో 74వ ర్యాంకు వరకు ఎగబ్రాకి, 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడలలో రామ్‌కుమార్ రామనాథన్‌తో రజతము నందునాటికి అతనికి 36 యేండ్లు నిండ వచ్చినవి.

ఇట్టి జీవితమునకు విలువ మూడు విధములు. శిఖరస్థునికి తగిన పరీక్ష నిచ్చువాడు ఇతడే. వెసెలీ వంటివారు ఐదు సెట్లు చెమటోడ్చినపుడే ఆ పట్టిక పరువు నిలుచును. దేశమునకు జట్టుగా ఆడవలసి వచ్చినపుడు, ఆయా వారమున పిలిచినంతనే వచ్చి నిలువగలవాడు ఇతడే. పిల్లలకు ఈ విద్య చేరదగిన దూరముననే యున్నదని ఆశ కలిగించువాడును ఇతడే. నడాల్ వలె కాగోరు పిల్లవాడు నిరాశ చెందవచ్చును గాని, విశాఖ నుండి న్యూయార్కు వరకు సాగిన ఒక తెలుగువాని బాటను సాలూరు పిల్లవాడు అడుగడుగున లెక్కించుకొనగలడు.

మన పత్రికలు ఛాలెంజర్ ఫలితములను రెండు పంక్తులలోనైనను క్రమముగా ప్రకటింపవలెను. మన జిల్లా క్రీడాప్రాంగణములందు, గిరిజన పాఠశాలలయందు ఒక్కొక్క గట్టి కోర్టును నిర్మించి, నెలవారీ జీతముతో నొక శిక్షకుని నియమింపవలెను. ఆడి విరమించిన ర్యాంకు ఆటగాండ్రను ఆ పనికి ఆహ్వానింపవలెను. వారికి తెలిసినది పుస్తకమున దొరకదు. మారు నేలమీద రెండవ సర్వీసు నెట్లు నమ్మవలెనో, ఓడిన మరునాటి ఉదయమున అభ్యాసమునకు ఎట్లు లేవవలెనో వారు మాత్రమే చెప్పగలరు. విజేతల పేర్లు తలచుట సులభము. విద్యను నిలుపుట కష్టము, ఆ కష్టమును జీవితమంతయు మోసినవారికి గౌరవమును జీవనమును సమకూర్చుట ఆట నభిమానించు మన అందరి బాధ్యత.