వేప కషాయం, బీటీ పత్తి: విమర్శనాత్మక పరిశీలన

పురుగుల నివారణకు వేప కషాయం మేలా, బీటీ పత్తి మేలా అన్న ప్రశ్న మీకు తరచు ఎదురవుతుంది. లోపం ఆ ప్రశ్నలోనే ఉంది. రెండూ పనిచేసే తీరు వేరు, విఫలమయ్యే తీరూ వేరు.

మన దేశంలో బీటీ పత్తికి 2002లో అనుమతి లభించింది. మొక్కలోని క్రై1ఏసీ ప్రోటీన్ శనగపచ్చ పురుగు పేగును దెబ్బతీస్తుంది. రసం పీల్చే పచ్చదోమ, తెల్లదోమలపై అది పనిచేయదు. 2006లో రెండు జన్యువుల పత్తి వచ్చింది. కాలక్రమంలో గులాబీ రంగు పురుగు దాన్ని కూడా తట్టుకుంది. ఒక ముఖ్య కారణాన్ని గమనించండి. 450 గ్రాముల బీటీ విత్తనంతోపాటు 120 గ్రాముల సాధారణ విత్తనం ఇచ్చేవారు. దాన్ని చేను చుట్టూ విత్తితే, అక్కడ పెరిగిన మామూలు పురుగులు తట్టుకునే పురుగులతో జతకట్టి నిరోధకత వ్యాప్తిని ఆలస్యం చేస్తాయి. చాలామంది రైతులు విత్తలేదు. తప్పంతా వారిదేనా? ఆ వరుసల్లో నష్టం ఒక్క రైతుది, ప్రయోజనం ఊరందరిది.

5 శాతం వేప కషాయానికి 100 లీటర్ల నీటికి 5 కిలోల గింజల పొడి కావాలి. అందులోని అజాడిరక్టిన్ పురుగు తిండిని, ఎదుగుదలను అడ్డుకుంటుంది, వెంటనే చంపదు. ఎండకు త్వరగా క్షీణిస్తుంది కనుక సాయంత్రం చల్లాలి. కాయ లోపలికి చేరిన పురుగును అది అందుకోలేదు. సహజమైనదన్న పేరు ఈ పరిమితులను తొలగించదు.

కాబట్టి ఏ పద్ధతినైనా మూడు ప్రశ్నలతో పరీక్షించండి: ఏ పురుగుకు? ఏ దశలో? విఫలమైతే నష్టం ఎవరిది? మీ ప్రాంతంలోని ఒక పంటకు వీటిని అన్వయించి సమాధానం రాయండి.