కోలారు గనులు: రెండు చిత్రములు, ఒక ప్రశ్న

సామాన్య ప్రేక్షకుని విమర్శ సాధారణముగా ‘బాగున్నది’, ‘బాగులేదు’ అను రెండు మాటలతో ముగియును. కాని కథాస్థలము తన సీమయే యైనపుడు అతడు వేరొక ప్రశ్న వేయును: ఇందు మనవా రెక్కడ? ముళబాగిలు, శ్రీనివాసపురము తాలూకాల తెలుగువారికి ఈ ప్రశ్న సహజము.

2018లో వెలువడిన ప్రశాంత్ నీల్ కన్నడ చిత్రము ‘కె.జి.యఫ్. చాప్టర్ 1’ తెలుగులోను ప్రదర్శితమయ్యెను. నల్లని ధూళి నిండిన దృశ్యములు, యశ్ నటన, తల్లికిచ్చిన మాట అను సూత్రము ప్రేక్షకుని కట్టివేయును. అయితే అందలి నరాచి గని కల్పితము. కూలీలు రక్షకునికై ఎదురుచూచు మూగజనము. చరిత్ర అట్లు లేదు. 1880లో జాన్ టేలర్ కంపెనీ ప్రవేశించిన ఈ గనులకు తమిళ దళితులు, చిత్తూరు సీమ తెలుగువారు కూలికై వచ్చిరి. వారే 1930లో వ్రేలిముద్రల నమోదును ప్రతిఘటించి సమ్మె సాగించిరి. తలయెత్తిన జనమును తలవంచినవారినిగా చూపుట ఈ చిత్రమునందలి ప్రధాన లోపము.

2024 నాటి పా. రంజిత్ తమిళ చిత్రము ‘తంగలాన్’ కూలివానినే నాయకునిగా నిలిపినది. మాయావృత్తాంతము కథను కొంత మసకబరచినను, బంగారమునకు ముందు భూమి యెవరిదను ప్రశ్నను విడువలేదు. ఈ కారణముననే ఇది గుణమున మిన్న.

మూడు కిలోమీటర్లకు మించిన లోతున పనిచేసినవారి ఊపిరితిత్తుల వ్యాధి, 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడిన పిదప బెంగుళూరు రైళ్లలో కూలికై పోవువారి బ్రతుకు ఈ రెంటను లేవు. ఆ కథ ఇంకను తెరకెక్కవలసి యున్నది.