పరీక్షకు అందని ప్రయోగం

అమెరికాలోని కాలేజి బోర్డు 1955 నుండి నడుపుతున్న ‘అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్’ పథకం వల్ల ఉన్నత పాఠశాల విద్యార్థులు కళాశాల పాఠాలను ముందుగానే చదువుతున్నారు. మే నెలలో జరిగే పరీక్షలో 5కు 3 గాని, అంతకు మించి గాని స్కోరు వస్తే, అనేక కళాశాలలు దానిని డిగ్రీకి క్రెడిట్లుగా లెక్కిస్తున్నవి.

ఇందలి ‘ఫిజిక్స్ 1’ పాఠ్యప్రణాళిక మెచ్చదగినది. బోధనాకాలంలో నాల్గవ వంతు ప్రయోగశాలకు కేటాయించాలన్నది దాని నియమం. లోపం పరీక్షలో ఉన్నది. మూడు గంటల వ్రాతపరీక్షలో ప్రయోగాన్ని ఎట్లా రూపొందించాలో వ్రాయమంటారు. లోలకాన్ని చేతికిచ్చి ఊపి చూడమనరు. అందువల్ల ఇరవై డోలనాలకు పట్టిన కాలాన్ని స్వయంగా కొలిచి సగటు తీసినవాడూ, ఆ పద్ధతిని వల్లించినవాడూ ఒకే స్కోరు పొందవచ్చు.

క్రెడిట్ ఇచ్చే ముందు ప్రయోగశాల నోటుపుస్తకాన్ని చూపమని కళాశాలలు కోరవచ్చు. ఆ పరిశీలన ఐచ్ఛికంగా గాక, నియమంగా ఉండాలి. స్వయంగా కొలవనివానికి ఇచ్చిన క్రెడిట్ తరువాతి ప్రయోగశాలలో అక్కరకు రాదు.