'తమస్'ను తెరకు తెచ్చిన చేయి

'గాంధీ' సినిమాకు పనిచేస్తున్న రోజుల్లో ఢిల్లీలోని ఒక పుస్తకాల షాపులో గోవింద్ నిహలానీకి దేశవిభజన మీద భీష్మ సాహ్నీ రాసిన హిందీ నవల 'తమస్' దొరికింది. నిహలానీ కరాచీలో పుట్టారు; విభజనతో ఇల్లు వదిలి వచ్చిన కుటుంబం ఆయనది. ఆ జ్ఞాపకం లేకుంటే 1988లో దూరదర్శన్‌లో వచ్చిన ఆ ధారావాహికకు అంత బరువు ఉండేది కాదని నా నమ్మకం.

నవలలో కథ ఒకరి వెంటే ఉండదు, ఊరంతా తిరుగుతుంది. టీవీ ముందు కూర్చున్నవాళ్లకు పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి. అందుకే పుస్తకంలో కొంతదూరం పోయాక మసకబారే నత్తూ అనే పాత్ర కథను, అతని భార్య కర్మోతో సహా, నిహలానీ చివరిదాకా నడిపించారు. ఎంత తెగువ! ఆ నవల రాసిన సాహ్నీయే హర్నామ్ సింగ్ వేషంలో ఎదురుగా ఉన్నారు మరి. పక్కన బంతోగా దీనా పాఠక్. గూడు చెదిరిన ఆ ముసలి దంపతుల నడకను కెమెరా ఎక్కడా తొందరపెట్టదు.

ప్రసారం ఆపమని కేసులు పడ్డాయి. బొంబాయి హైకోర్టు న్యాయమూర్తులు స్వయంగా చూసి అనుమతించారు, సుప్రీంకోర్టూ సమర్థించింది.

నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది తొలి ఘట్టం. పందిని చంపలేక, నత్తూగా నటించిన ఓం పురి చెమటోడుస్తాడు. అక్షరాల్లో ఉన్న భయాన్నీ అసహ్యాన్నీ నిహలానీ అతని ఊపిరికీ ఒంటికీ అప్పగించారు.