అధికారశబ్దమునకు అవధి

రోమీయులకు వ్రాయఁబడిన పత్రిక 13వ అధ్యాయపు మొదటి వాక్యమున, గ్రీకుమూలమందు 'ఎక్సూసియా' యను నొక్క పదమే మరల వచ్చుచుండఁగా, తెలుఁగు బైబిలు మొదట 'అధికారులు' అనియు, పిదప 'అధికారము' అనియు వాడినది. పాలకులను జెప్పుటకుఁ బౌలు మూడవ వాక్యమున 'ఆర్ఖోన్' అను వేఱొక పదము వాడెను. ఈ భేదము స్వల్పము గాదు. 1946లో రైతులు తిరుగఁబడునాఁటికి నల్లగొండ సీమలో వెట్టి చేయించుకొను దేశముఖును, పటేలును అధికారులే. వెట్టివాఁడు ఆ వాక్యము విన్నచో, తాను లోఁబడవలసినది వారికే యని తలంపఁడా?

వ్యాకరణమున అధికారసూత్రము తన యవధి దాఁకనే చెల్లును. పౌలును నాల్గవ వాక్యమున 'పరిచారక' శబ్దముచే నట్టి యవధినే చూపెను: ప్రజల మేలునకే అధికారము. అపొస్తలుల కార్యముల 5వ అధ్యాయమునఁ బేతురు ప్రధానయాజకుని సభ విధించిన నిషేధమును ద్రోసిపుచ్చుట దీనికి నిదర్శనము. కావున మొదటి తావునను 'అధికారము' అనుటయే సాధువు.