ఇంజను నాడి నెఱిగినవాడు
ఎత్తు వచ్చినంతనే బలముడిగి నీరసించు పాత అంబాసిడరును విజయవాడ ఆటోనగరులోని మెకానిక్కు ముంగిట నిలిపినచో, అతడు పానా చేతబట్టుటకు ముందే, "చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? ఎత్తుమీదేనా?" యని యడుగును. పిమ్మట కార్బ్యురేటరునకు పోవు పెట్రోలు గొట్టము నూడదీసి, కొనను సీసాలో నుంచి, ఇంజనును తిప్పించి, ధార విసురుగా దూకుచున్నదో సన్నగిల్లి జారుచున్నదో కనులు చిట్లించి చూచును. సన్నగిల్లినచో ఫిల్టరును, పంపును శంకించును. నిండుగా నున్నచో స్పార్కు ప్లగ్గు విప్పి, మొనపై నల్లని మసి పట్టినచో పెట్రోలు మితిమీరినదనియు, తెల్లబారినచో చాలకున్నదనియు, లేత గోధుమవన్నె యున్నచో దహనము సక్రమమేననియు తలపోయును. ఊహమీద సామాను మార్పింపక, మడ్డి పేరుకొన్న చిన్న ఫిల్టరు నొక్కదానినే మార్చి, టాక్సీ నడుపుకొను బడుగువానికి ఆనాటి బాడుగ దక్కించు ఆ నిదానము నిక్కముగా శ్లాఘనీయము.