తోలు జాకెట్ ఎంత కాపాడాలి?

సర్వైవల్ గేముల్లో ఆయుధానికి స్టాట్స్ కట్టడం కన్నా ఒంటిమీది బట్టకు కట్టడమే కష్టం. కత్తికైతే దెబ్బ, వేగం, మన్నిక చూసుకుంటే చాలావరకు సరిపోతుంది. కోటు పంటిని ఆపాలి, చలిని, గాలిని, వానను ఆపాలి. అందుకు బదులుగా బరువు, ఉక్కపోత, కదలికలో మందకొడితనం రూపంలో ధర వసూలు చేయాలి. ధర లేని రక్షణ ఆటను చంపేస్తుంది.

ఈ లెక్కను ఓపిగ్గా వేసిన ఆటల్లో 'ప్రాజెక్ట్ జోంబాయిడ్' ఒకటి. కథ 1993 జూలైలో, అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో మొదలవుతుంది. 2021 డిసెంబరులో స్టేబుల్‌గా విడుదలైన 41వ బిల్డ్‌లో రక్కు నుంచి, కాటు నుంచి బట్ట ఇచ్చే రక్షణకు వేర్వేరు శాతాలున్నాయి. వెచ్చదనం, గాలిని ఆపడం, నీటిని ఆపడం మళ్లీ విడి అంకెలు. రక్షణ మొత్తం ఒంటికి కాక మెడ, ముంజేయి, పిక్క అంటూ అవయవాల వారీగా లెక్కకొస్తుంది. మామూలు సెట్టింగుల్లో జోంబీ రక్కితే ఇన్‌ఫెక్షన్ సోకే అవకాశం 7 శాతం, చర్మం చీరుకుపోతే 25 శాతం, కాటు పడితే 100 శాతం.

ఒక్క కాటుతో ప్రాణం పోయే ఆటలో శాతాలు పైకి కనిపించినంత అమాయకమైనవి కావు. 50 శాతం రక్షణ అంటే సగం గాయం కాదు, సగం సార్లు పూర్తి గాయం. అదే చోట మూడు కాట్లు పడితే మూడూ ఆగే అవకాశం 12.5 శాతమే. పైకి వెళ్లేకొద్దీ ఒక్కో పాయింటు విలువ పెరుగుతుంది. 90 నుంచి 95కి పెంచితే లోపలికి దిగే కాట్లు నూటికి పది నుంచి ఐదుకు, అంటే సగానికి పడిపోతాయి. బట్ట మీద బట్ట వేసినప్పుడు చిక్కు ఇంకా ముదురుతుంది. 50 శాతం జాకెట్ కింద 30 శాతం చొక్కా ఉంటే, రెండూ కూడితే 80. జాకెట్ దాటినవాటిలో చొక్కా ఎన్ని ఆపిందో చూస్తే 65. కూడికను ఎంచుకున్న ఆటలో పొరలు పేర్చినవాడికి చావు భయం ఉండదు. రెండో పద్ధతే న్యాయం.

ఇక నిజ జీవితపు కొలతలు. మందపాటి ఆవుతోలు పంటిని చర్మంలోకి దిగనివ్వదు గానీ దవడ నొక్కుడును ఆపలేదు. కింద కండ కమిలిపోతుంది. డెనిమ్ గోటికి గట్టిగానే నిలుస్తుంది, కాటుకు అంత కాదు. బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్‌కు అన్నిటికన్నా పెద్ద అంకె ఇవ్వడం చాలామంది డిజైనర్లకు అలవాటు. ఆ జాకెట్ కప్పేది ఛాతీ, పొట్ట, వీపు. కాట్లు పడేదేమో అడ్డం పెట్టిన చేతుల మీద, మెడ మీద. అంకె ఎంత పెద్దదైనా అది లేనిచోట పనిచేయదు. ఈ ఒక్క సంగతి పట్టించుకుంటే సగం బ్యాలెన్సింగ్ దానంతటదే కుదురుతుంది.

ఫైర్‌మన్ కోటు మరో పాఠం. పైన మంటకు నిలిచే గుడ్డ, మధ్యలో తేమను ఆపే పొర, లోపల వేడిని ఆపే మెత్త. బయటి వేడిని ఆపే ఆ పొరలే ఒంటి వేడినీ చెమటనూ లోపలే పట్టేస్తాయి. బట్టల వెచ్చదనానికి 1941లో ప్రతిపాదించిన కొలమానం 'క్లో'. 21 డిగ్రీల గదిలో ఊరికే కూర్చున్న మనిషికి హాయిగా ఉండేంత బట్ట ఒక క్లో. పరుగెత్తే మనిషి ఒళ్లు కూర్చున్నప్పటికి ఎన్నో రెట్లు వేడి పుట్టిస్తుంది కనుక అదే బట్ట అతనికి భారమవుతుంది. కెంటకీ జూలై ఎండలో ఆ కోటు వేసుకుని గొడ్డలి తిప్పేవాడికి దాహం, అలసట త్వరగా రావాలి. కోటు అసలు ధర అదే. దాన్ని వదిలేసి వేగంలో మాత్రం కోత పెడితే ఆటగాడికి కోతే కనిపిస్తుంది, కారణం కనిపించదు.

బరువు ఎక్కడుందన్నదీ ముఖ్యమే. పాదాల మీది కిలో, వీపు మీది కిలో కన్నా కొన్ని రెట్లు ఎక్కువ శక్తి తింటుంది. బూట్లను, సంచిని ఒకే బరువు లెక్కలో కలిపేస్తే ఈ తేడా మాయమైపోతుంది.

చివరగా చిరుగులు. జోంబాయిడ్‌లో బట్టకు చిల్లు పడితే ఆ చోట రక్షణ పోతుంది. సూది, దారం, డెనిమ్ లేదా తోలు ముక్కతో అతుకు వేయాలి. కుట్టుపని వచ్చేకొద్దీ అతుకు బలం పెరుగుతుంది. ఆ బలానికి పైహద్దు తక్కువగా ఉండాలి. హద్దు మరీ ఎక్కువైతే, అతుకులేసిన మామూలు చొక్కా తోలు జాకెట్‌ను మించిపోతుంది. అప్పుడిక జాకెట్ కోసం ప్రమాదానికి ఎదురెళ్లి ఊరు గాలించే పని ఎవరూ పెట్టుకోరు.